కుర్చీలో కూర్చున్నవాడి మాట

"నాన్న ఒప్పేసుకున్నాడు," అంది ఆడపడుచు ముందుగదిలోంచి బయటికి వస్తూనే.

"నీకెక్కడ ఒప్పుకున్నాడు? నీకంటే ముందే నాకు ఒప్పుకున్నాడు," అన్నాడు అన్నగారు.

కోడలు ఇద్దరి మొహాలూ చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొగుడి మీసం కుడివైపు ఉంది, ఎడమవైపు లేదు. ఆడపడుచు జుట్టు ఒకవైపు భుజం మీద పడుతోంది, రెండోవైపు చెవి దగ్గరే ఆగిపోయింది. కాగితాలు కోసుకునే మొండి కత్తెర తప్ప పెద్దాయన చేతికి ఇంకేమీ ఇవ్వలేదు. చెయ్యి తిరిగినవాడికి మొండిదైతేనేం, పదునైనదైతేనేం.

"నాన్న ఏమన్నాడో చెప్పనా? 'ఇల్లే మంచిదండీ, ఇంటిని మించింది ఏముందండీ' అన్నాడు. ఈ చెవులతో విన్నాను."

"నాతో 'ఆస్పత్రే మంచిదమ్మా, ఆస్పత్రిని మించింది ఏముందమ్మా' అన్నాడు. నాకూ చెవులున్నాయి."

"ఉన్నాయి. ఒకటి బయటికి కనిపిస్తోంది కూడా."

ఆడపడుచు గబుక్కున చెవి మీద చెయ్యి పెట్టుకుంది. "ముందు నీ మీసం ఎక్కడ పడిపోయిందో వెతుక్కో అన్నయ్యా."

ఆ ముందుగది ఒకప్పుడు సెలూన్. మామగారు జన్మంతా అందులో నిలబడి జనం తలలు బాగుచేశాడు. మతిమరుపు జబ్బు ముదిరాక కొట్టు మూశారు గానీ అద్దాన్నీ కుర్చీనీ కదపలేకపోయారు. కదిపితే ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఇప్పుడు ఆ గదిలోకి ఎవరు వెళ్ళినా ఆయనకి బేరమే, క్షవరానికి వచ్చిన మనిషే. కన్నకొడుకు బేరమే. కన్నకూతురు బేరమే. కోడలు ఒక్కతే బేరం కాదు. ఆమె కొత్తగా పనిలో చేరిన మనిషి. నేల సరిగ్గా ఊడవలేదని ఆయన రోజూ తిడతాడు. ముందు కళ్ళజోడు తుడుచుకోండని ఆమె రోజూ తిరగబడుతుంది.

ఇంకో చిక్కుంది. చేతి కింద తల లేకపోతే అడిగినదానికి ఆయన నోట జవాబు రాదు. మంచం మీద కూర్చోబెట్టి అడిగితే గోడ చూస్తాడు. అందుకే పొద్దున్నే అన్నా చెల్లెలూ వంతులవారీగా కుర్చీ ఎక్కారు.

అడగాల్సింది చిన్న మాటా కాదు. పెద్దాయనకి ముద్ద గొంతు దిగడం కష్టమవుతోంది. నోట్లో పెట్టుకున్నది ఏం చెయ్యాలో ఒక్కోసారి మర్చిపోతాడు. పోయినసారి వచ్చినప్పుడు డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "ముందుముందు మింగడమే మర్చిపోతారు. అప్పుడు ఆస్పత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేయిస్తారా, ఇంట్లోనే ఉంచుకుని దిగినంత చెంచాతో పెడతారా? గొట్టం వేసినంత మాత్రాన ఆయుష్షు పెరుగుతుందని నేను చెప్పలేను. ఆ రోజు వచ్చాక మంచం చుట్టూ నిలబడి కొట్టుకోకండి. ఇప్పుడే తేల్చుకోండి. ఆయన మనసులో ఏముందో ఆయన నోటితో వినగలిగితే వినండి. పొద్దుటి పూట ఇంకా మాట తెలుస్తోంది కదా."

ఆవిడ ఈ పూటే మళ్ళీ వస్తోంది.

"మీ నాన్న. మీరిద్దరూ తేల్చుకోండి. నన్ను మధ్యలోకి లాగకండి," అంది కోడలు. ఆ మాట ఆమె అప్పటికి చాలాసార్లు అంది.

ఆమె భయం ఆమెది. ఆస్పత్రి అంటే వదిలించుకుంది అంటారు. ఇల్లు అంటే గొట్టం వెయ్యనివ్వకుండా కడుపు మాడ్చింది అంటారు. ఎటు తిరిగినా కోడలి నెత్తికే చుట్టుకుంటుంది. బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చోవడం ఆమె ఉద్యోగం. తాను నడపని బస్సుకి, తాను ఆపని బస్సుకి రోజంతా తిట్లు తింటుంది. ఉద్యోగంలో తిన్నవి చాలు, ఇంటికి కూడా మూట కట్టుకు రానక్కర్లేదని ఆమె లెక్క.

"గొట్టం వేస్తే తప్పేమిటంట? కడుపులోకి ఇంత పోతుంది కదా," అంది ఆడపడుచు.

"నాన్న చొక్కా మొదటి బొత్తాం పెడితేనే పీకేసుకుంటాడే. గొట్టం ఉంచుకుంటాడా?"

"నీకు ఆస్పత్రికి తిరగడం బద్ధకం. అది చెప్పు."

"నాకా? పొద్దున్న లేచింది మొదలు ఆయన వెనక తిరిగేది ఎవరు?"

"వదిన," అంది ఆడపడుచు.

ఆ దెబ్బకి మొగుడు మిగిలిన సగం మీసం నిమురుకున్నాడు. అతను ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తాడు. మెత్తటి మనిషి. బాగవని ఫ్యానును బాగవదని చెప్పలేక 'రేపు రండి' అంటాడు. అలా తిరిగి తిరిగి ముసలివాళ్ళయిన బేరాలున్నాయి.

అప్పుడు అత్తగారు నవ్వింది. ఆవిడ మూల బల్ల మీద కూర్చుని టవళ్ళు మడతపెడుతోంది. మొదట ముసిముసిగా నవ్వింది. తర్వాత మడతపెట్టిన టవలు విప్పి నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వెందుకే అమ్మా? ఇక్కడ నాన్న ప్రాణం గురించి మాట్లాడుకుంటున్నాం," అంది ఆడపడుచు.

"కుర్చీలో కూర్చున్నవాడి మాటని మీ నాన్న ఎప్పుడు కాదన్నాడర్రా?"

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"వాన పడుతుందంటే పడుతుందండీ అనేవాడు. వాడు దిగి రెండోవాడు ఎక్కి పడదంటే, ఎక్కడ పడుతుందండీ అనేవాడు. కోర్టులో కొట్టుకునే అన్నదమ్ములిద్దరూ మన దగ్గరే చేయించుకున్నారు. ఇద్దరికీ గెలుపు మీదేనండీ అన్నాడు. మెడ మీద కత్తి పెట్టి మనిషితో వాదన పెట్టుకోకూడదురా. అది వాళ్ళ పనిలో మొదటి పాఠం. ఇంట్లోకొచ్చినా అదే వరస. గోడకి నీలం వేద్దామంటే అవును. పచ్చ వేద్దామంటే అవును. జన్మానికి ఒక్క పోట్లాట సరిగ్గా పెట్టుకోలేకపోయాను ఆయనతో."

"అంటే నాతో అబద్ధం చెప్పాడా?" అంది ఆడపడుచు.

"అబద్ధం ఎందుకు చెప్తాడు? క్షవరం చేశాడు, అంతే."

"నేను నమ్మను," అన్నాడు మొగుడు.

"అయితే మళ్ళీ వెళ్ళి అడిగిరా. నాన్నా, నిన్ను చంద్రుడి మీద దింపేసి వస్తాం అను. ఏమంటాడో చూడు."

మొగుడు వెళ్ళాడు. లోపల కత్తెర చప్పుడు కరకరమంది. కాసేపటికి బయటికి వచ్చాడు. ఇప్పుడు కుడివైపు మీసం కూడా లేదు. పెళ్ళినాటి నుంచి ఆమె చూడని పెదవి ఒకటి బయటపడింది. పర్వాలేదు, బాగానే ఉంది అనుకుంది కోడలు.

"ఏమన్నాడు?"

"చంద్రుడు మంచి చోటేనండీ, గాలి బాగా వస్తుంది అన్నాడు."

లోపల పెద్దాయన టవలు దులుపుతున్న చప్పుడు వినిపించింది. పొద్దు ఎక్కుతోంది. ఎండ ఎక్కాక ఆయనకి మాట కూడా ఉండదు.

"ఇంకెలా మరి? నాన్న మనసులో ఏముందో ఇక ఎప్పటికీ తెలియదా?" అంది ఆడపడుచు. ఇందాకటి పౌరుషం పోయింది. ఒకవైపు జుట్టుతో చిన్నపిల్లలా కనిపించింది.

కోడలి నోరు ఊరుకోలేదు. "కుర్చీలో ఆయనే కూర్చుంటే?" అంది. అన్నాక నాలుక కరుచుకుంది.

అత్తగారి చేతిలో టవలు ఆగిపోయింది. "కూర్చోడమ్మా. యజమాని బేరాల కుర్చీలో కూర్చుంటే కొట్టుకి అరిష్టమని ఆయన పట్టుదల. తన గడ్డం పెరట్లో నిలబడే గీసుకునేవాడు. ఇప్పుడు నువ్వు గీస్తున్నా అక్కడేగా."

"యజమాని కూర్చోడు సరే. తను యజమానినని ఆయనకి గుర్తుంటేనే కదా," అన్నాడు మొగుడు. అన్నాక తన తెలివికి తనే జడుసుకున్నాడు.

మేకుకి ఒక తెల్ల కోటు వేలాడుతోంది. కొట్టు నడిచిన రోజుల్లో మామగారు తొడుక్కున్న కోటు. ముందు మొగుడే దాన్ని వేసుకుని గదిలోకి వెళ్ళాడు. పెద్దాయన అతని చేతుల వంక చూశాడు. అవి దువ్వెనని తిరగేసి పట్టుకున్నాయి.

"ఎవరి కోటయ్యా అది? విప్పు. చేతిలో పని లేనివాళ్ళకి కోటొకటి," అన్నాడు.

మొగుడు వెనక్కి వచ్చి కోటు విప్పి పెళ్ళాం చేతికి ఇచ్చాడు.

"నాకెందుకు?"

"ఆయన గడ్డం రోజూ గీసేది నువ్వే కదే."

"గీస్తాను. అడగను. అడిగేదేదో గుమ్మం కర్టెన్ వెనక నిలబడి మీరే అడగండి."

"గోడలోంచి గొంతు వస్తే హడలి చస్తాడు వదినా," అంది ఆడపడుచు. తర్వాత మెల్లగా, "నువ్వు అడుగు. నాకు కావలసినట్టు అడగక్కర్లేదు. ఊరికే అడుగు," అంది.

ఆడపడుచు తనని బతిమాలడం కోడలు వినడం అదే మొదటిసారి. తిట్టి ఉంటే తప్పించుకునేది. బతిమాలితే ఏం చెయ్యాలో తెలియలేదు. కోటు తొడుక్కుంది. చేతులు పొడుగైతే మడుచుకుంది.

ఆమె గదిలోకి వెళ్ళి కుర్చీ వెనక నిలబడింది. టవలు అందుకుని కుర్చీ మీద ఫట్టున దులిపింది.

"రండి సార్. ఖాళీ అయింది."

పెద్దాయన అటూ ఇటూ చూశాడు. తన వెనక ఎవరైనా ఉన్నారేమో చూశాడు. ఎవరూ లేరు. మెల్లగా వచ్చి, కుర్చీ చేతిని తడిమి, కూర్చున్నాడు. తల వెనక్కి ఆన్చి హాయిగా నిట్టూర్చాడు. జన్మంతా ఇతరుల తలలు ఆనిన చోట ఆయన తల ఆనడం అదే మొదలు. కర్టెన్ వెనక అత్తగారు ముక్కు చీదింది.

"కొత్తా?" అన్నాడు అద్దంలోకి చూస్తూ.

"అవునండీ."

"పాతాయన ఏమయ్యాడు?"

కోడలు బ్రష్ మీద సబ్బు నురగ తీస్తూ తడుముకుంది. "ఇక్కడే ఉన్నారండీ. కాస్త నడుం వాల్చారు."

"మంచి పనివాడు. తిక్క మనిషి గానీ, చెయ్యి మంచిది."

"తిక్క సంగతి నాకూ తెలుసండీ."

ఆమె చెంపలకి నురగ పట్టించింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. రేజరు కణత దగ్గర పెట్టి కిందికి లాగింది. కర్టెన్ కింద నుంచి మూడు జతల పాదాలు కనిపిస్తున్నాయి. ఆయనకి కనిపించకుండా ఆమె పక్కకి జరిగింది.

"ఇంట్లో అంతా బాగున్నారా సార్?"

అది అడగడమే ఆలస్యం. ఆయన ఒళ్ళు కుర్చీలో సర్దుకుంది. ఇంట్లో చెప్పుకోలేనిది చెప్పుకోవడానికే కదా జనం అక్కడ కూర్చునేది.

"ఏం బాగులే. కొడుకున్నాడు. బంగారం. కానీ దూది. మనం తుమ్మితే వాడు ఏడుస్తాడు. కూతురుంది. అది ఏడవదు. ఏడుపొస్తే కోప్పడుతుంది. ఇంటావిడ ఉంది. ఆవిడకి అన్నిటికీ నవ్వే."

కర్టెన్ కదిలింది. ఎవరో ఎవరినో గిల్లారు.

"ఒంట్లో బాగుంటోందా సార్?"

"ముద్ద దిగట్లేదమ్మా."

"ఆస్పత్రిలో చేరితే బాగా చూస్తారు కదండీ?" అంది. ఆడపడుచు వైపు మాట ముందు అడిగింది. రేపు దెప్పకుండా.

"నీకేం తెలుసు?" ఆయన కళ్ళు తెరిచాడు. "నువ్వు గడ్డం చూసుకో."

ఆయన అవునండీ అనలేదు. కోడలి చెయ్యి ఒక్క క్షణం గాలిలో నిలిచింది. మెడ మీద పెట్టే కత్తి ఇప్పుడు తన చేతిలో ఉంది. అవుననాల్సిన పని కూడా ఆయనది కాదు, తనది. ఆయన ఏమన్నా సొంత మాటే.

"అయితే ఇంట్లోనే ఉంటారా సార్?" అంది. ఇది మొగుడి వైపు మాట.

"ఇల్లా ఆస్పత్రా అని కాదమ్మా. చేతులు." ఆయన టవలు కింద నుంచి రెండు చేతులూ బయటికి తీసి చూపించాడు. "ఆస్పత్రిలో మంచాన పడ్డవాళ్ళకి గడ్డాలు గీయడానికి వెళ్ళేవాణ్ణి. ఒకాయన ఉండేవాడు. ఏం చెప్పినా గుర్తుండదు పాపం. ముక్కులో గొట్టం. పీకేస్తున్నాడని రెండు చేతులూ మంచానికి కట్టారు. నేను సబ్బు పూస్తుంటే కళ్ళతో ఏదో అడుగుతున్నాడు. ఏమిటో అర్థం కాలేదు. ముక్కు దురద! గోకాను. ఆ మొహం చూడాలి నువ్వు. ఆస్తి రాసిచ్చినంత సంతోషం."

ఆయన నవ్వాడు. నురగ బుడగలు లేచాయి. తర్వాత నవ్వు ఆగింది.

"నా ముక్కు నేనే గోక్కుంటాను. ఆ గొట్టం నాకొద్దు. దిగినంత పెట్టాలి. దిగనిది పక్కన పెట్టాలి. నొప్పికి మందివ్వనీ, నేను వద్దన్నానా? చేతులు మాత్రం కట్టకూడదు."

కర్టెన్ వెనక మొగుడు ఏడుస్తున్నాడని కోడలికి చూడకుండానే తెలిసింది. ఆడపడుచు కోపం మాత్రం వినిపించలేదు.

ఇక్కడితో అయిపోయింది అనుకుంది కోడలు. అందరూ విన్నారు. ఆయనే చెప్పాడు. తన నెత్తిన ఏమీ పడలేదు. రేజరు నీళ్ళలో ముంచి, రెండో చెంప వైపు తిరిగింది.

"ఈ మాట మీ ఇంట్లో చెప్పండి సార్," అంది తేలిగ్గా.

"చెబితే? చెప్పినప్పుడు అందరూ తలూపుతారు. తీరా ఆ రోజొస్తే తెల్లకోటు కనబడగానే నా కొడుకు అవునండీ అంటాడు. నా పోలికే. నా కూతురు ఇంకా ఏదో ఒకటి చెయ్యండి, ఇంకా చెయ్యండి అంటుంది. తప్పు పట్టలేం. ప్రేమ." ఆయన గొంతు తగ్గించాడు. "మా ఇంట్లో కాదు అనగల మనిషి ఒక్కతే."

"ఎవరండీ?"

"కోడలు."

రేజరు ఆగింది.

"నోరు మంచిది కాదు," అన్నాడు ఆయన. "నేను కూరలో ఉప్పు ఎక్కువైందంటే, ఉప్పు సరిపోయింది, మీ నాలుకే చెడింది అంటుంది. కొట్టు మూసెయ్యమని నా మొహం మీద చెప్పింది. అందరూ నా వెనక గుసగుసలాడుకుంటుంటే అది నా ముందుకొచ్చి, మామయ్యా ఇవాళ ఒకాయన చెవి తెగింది, ఇక చాలించండి అంది. నేను దాన్ని ఆర్నెల్లు పలకరించలేదు. కానీ నిజం చెప్పింది. ఆ నోరు నాకు కావాలి. డాక్టర్ల ముందు నిలబడి చాలు అనాలి. రేపు జనం తలో మాటా అంటారు. పడాలి. అది పడగలదు."

"పడగలదని మీకెలా తెలుసు?" గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"నా మాటలు పడట్లా?"

కర్టెన్ పక్కకి జరిగింది. ముందు ఆడపడుచు కనిపించింది. వెనక మీసం లేని మొగుడు, టవలు నోటికి అడ్డం పెట్టుకున్న అత్తగారు. అత్తగారు నవ్వడం లేదు. ఆడపడుచు కళ్ళు కోడలి మీదే ఉన్నాయి. వాటిలో ఉన్నది కోపమో, బతిమాలుకోవడమో, రెండూనో.

"ఇదంతా నువ్వు నేర్పించావా వదినా?" అంది ఆడపడుచు.

"ఒట్టు. నేను..."

"బేరం కుర్చీలో ఉండగా పక్కవాళ్ళతో కబుర్లేంటి?" అన్నాడు పెద్దాయన విసుగ్గా. ఆయన అద్దంలోంచి కోడలి వంకే చూస్తున్నాడు. ఆ చూపులో ఎక్కడా గుర్తు లేదు. కొత్త పనిమంతురాలి వైపు చూసే బేరం చూపు. "నీకు లోకం తెలిసినట్టుంది. చెప్పు. నేనేమో దాన్ని నోరారా అడగలేను. మొహం చెల్లదు. నువ్వు చెప్పు, అడిగితే అది ఒప్పుకుంటుందంటావా?"

వీధి తలుపు దగ్గర చెప్పులు విప్పిన చప్పుడైంది. "ఎవరూ లేరా?" అని డాక్టరమ్మ గొంతు.

అందరూ తెల్ల కోటులో ఉన్న కోడలి వైపే చూస్తున్నారు. రోజుకి ఎందరికో లేదు, కాదు, కుదరదు అని చెప్పే నోరు అది. ఇప్పుడు అందులోంచి అవునూ రాలేదు, కాదూ రాలేదు.

"తల కదపకండి," అంది.

"తల సంగతి తర్వాత," అన్నాడాయన. "సబ్బు ఆరిపోతోంది. జవాబు చెప్పు."